దేవదానం మడిలో అడవి వరి

2021 ఖరీఫ్. అప్పటికి నేను విత్తన ధ్రువీకరణ పనిలో చేరి పద్దెనిమిదేళ్లు. మాది రాజంపేట వైపు. ఉద్యోగం మాత్రం కర్నూలు జిల్లా పడమటి కొసన, మంత్రాలయానికి అటూ ఇటూ, తుంగభద్ర ఒడ్డు మళ్లలో. నా పని ఏమిటో బంధువులకు వివరించడం మానేసి చాలాకాలమైంది. "వరి పండిస్తావా?" అంటే లేదు. "అమ్ముతావా?" అంటే అదీ లేదు. "మరి ఏం చేస్తావు?" అంటే, ఇంకొకరు పండించిన వరిని చూసి, అవును ఇది ఆ వరే అని సంతకం పెడతాను. పెళ్లిచూపుల రోజుల్లో ఈ జవాబు అంత బాగా పనిచేయలేదు.

విత్తనాల దుకాణంలో మీరు కొనే సంచికి నీలం రంగు ట్యాగ్ ఒకటి కుట్టి ఉంటుంది. సంచిలో ఉన్నది పేరుకు తగ్గ విత్తనమేనని ఆ ట్యాగ్ హామీ. ఆ విత్తనం పండే పొలాన్ని సీడ్ ప్లాట్ అంటారు. అక్కడికి మాలాంటివాళ్లం పంట కాలంలో కనీసం రెండుసార్లు వెళ్లి చూడాలి. చూడడమంటే గట్టు మీద నిలబడి "బాగుంది" అనడం కాదు. మడిలోకి దిగి, ఐదు చోట్ల, ఒక్కో చోట వెయ్యి కంకులు లెక్కపెట్టాలి. దీన్ని ఫీల్డ్ కౌంట్ అంటాం. ఎనిమిది వందల దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి "నీళ్లు తాగుతారా సార్?" అని మర్యాదగా అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఈ వృత్తిలో మర్యాదస్తుల వల్ల పడే ఇబ్బంది తక్కువేమీ కాదు.

లెక్కలో వేరే రకం మొక్కలు, అంటే బెరుకులు, ఎన్ని ఉన్నాయో చూస్తాం. తెగులు చూస్తాం. అన్నిటికంటే ముఖ్యంగా ఆబ్జెక్షనబుల్ వీడ్ చూస్తాం. అభ్యంతరకరమైన కలుపు అని దాని అర్థం. పేరు వింటే ఏదో బస్సులో అసభ్యంగా ప్రవర్తించిన మొక్కలా ఉంటుంది గానీ, అది చేసే నేరం వేరు. పంటను పోలి ఉండి, పంట విత్తనంలో కలిసిపోయి, మళ్లీ ఎవరూ వేరు చేయలేకుండా ఊరూరా ప్రయాణం చేస్తుంది. వరి పంటలో ఆ హోదా అడవి వరిది.

అడవి వరి గడ్డే, కాకపోతే వరికి చాలా దగ్గరి చుట్టం. నారుగా ఉన్నప్పుడు వరిలాగే ఉంటుంది, పిలకలు వేసినప్పుడు వరిలాగే ఉంటుంది. వెన్ను తీశాక గానీ బయటపడదు. అప్పుడు గింజ కొసన పొడుగాటి ఎర్రటి మీసం కనిపిస్తుంది. ఆ మీసం చూసి పీకేయాలి, అదీ త్వరగా. ఎందుకంటే మన వరి కోతకు రాకముందే దాని గింజలు రాలిపోతాయి. రాలినవి నేలలో కొన్నేళ్లయినా ఓపిగ్గా పడుకొని, తమకు తోచిన ఏడు మొలుస్తాయి. అందుకే నిబంధన గట్టిగా ఉంటుంది. పదివేల మొక్కలకు రెండు మించకూడదు. మా ఐదువేల కంకుల లెక్కలో ఒకటి కనబడితే పాస్. రెండు కనబడితే ప్లాట్ రిజెక్ట్, ఆ ధాన్యం మామూలు ధాన్యంగా మిల్లుకు పోతుంది.

ఇంత ఉపోద్ఘాతం దేవదానం గురించి చెప్పడానికి.

దేవదానానికి నది నుంచి మోటారు నీళ్లు పారే మూడెకరాల మడి ఉంది. తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. ఊరి బయట వాళ్ల పేటలోని చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆయనే. అప్పటిదాకా ఆ పేటలో ఎవరికీ సీడ్ ప్లాట్ ఇవ్వలేదు. సీడ్ ప్లాట్లు పంచేది ఆర్గనైజర్, అంటే కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి. ఆ చుట్టుపక్కల ఆర్గనైజర్ శేషారెడ్డి. "పేటోళ్లకు ఇస్తే శ్రద్ధ ఉండదు సార్" అనేవాడు. ఎప్పుడూ ఇవ్వకుండానే ఆ సంగతి ఎలా తెలిసిందో నేను అడగలేదు. అడగవలసిందని ఇప్పుడనిపిస్తోంది. ఆ ఏడు ఒక పెద్దరైతు చివరి నిమిషంలో తప్పుకోవడంతో, వేరే దారిలేక, సోనా రకం సీడ్ ప్లాట్ దేవదానానికి వచ్చింది. పేటలో ఇంకో ముగ్గురు అడుగుతున్నారు. శేషారెడ్డి నా ముందే చెప్పాడు.

"ఇది పాసయితే వచ్చే ఏడు ఆ ముగ్గురికీ ఇస్తా. పోయిందనుకో, ఇంక పేట పేరు నా దగ్గర ఎత్తొద్దు. ఇనపడినాదా దేవదానం?"

"ఇనపడినాది రెడ్డీ. చెవుల్లో సీసం పోసినట్టు ఇనపడినాది."

అక్టోబరులో వరి పూత మీదున్నప్పుడు మొదటి ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాను. మడి దువ్వి జడ వేసినట్టుంది. బెరుకుల్ని ఎంత జాగ్రత్తగా ఏరారంటే, మొదటి రెండు చోట్ల రెండువేల కంకుల్లో అనుమానించడానికి కూడా ఏమీ దొరకలేదు. మూడో చోట మాత్రం రెండు ఎర్రమీసాలు. నాలుగో చోట ఒకటి. ఐదో చోట ఇంకొకటి. మొత్తం నాలుగు.

దేవదానం పక్కనే ఉన్నాడు. ఆయన భార్య సలోమి గట్టు మీద కొడవలి పట్టుకొని నిలబడింది.

"ఎన్ని సార్?"

"నాలుగు. ఒకటి దాకా ఒప్పుకుంటారు."

"మూడు ఎక్కువ," అంది సలోమి, కూరలో ఉప్పు గురించి మాట్లాడినట్టు.

ఇలాంటప్పుడు నిబంధనల్లో ఒక సందు ఉంది. పూత దశలోనే దొరికింది కనుక, రైతు వాటిని పీకేసి మళ్లీ చూడమని అడగొచ్చు. పది రోజుల గడువు రాశాను. తర్వాత అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని మడి చుట్టూ నడిచాను. వెతకాల్సిన పని లేకపోయింది. తూర్పు వైపు, పిల్లకాలువ పక్కన, మడి అంచు పొడుగునా అడవి వరి నిలబడి ఉంది. నా అనుభవంలో అడవి వరి అంటే ఎక్కడో మూల బక్కగా, దొంగలాగా నక్కి ఉంటుంది. ఇక్కడిది ఏపుగా, నిండుగా, అప్పుడే బయటికి తీసిన వెన్నులతో ఊరేగింపుకు సిద్ధంగా ఉన్నట్టుంది.

దేవదానానికి ఇది ఏమిటో తెలియదనుకున్నాను. పీఠం ఎక్కినట్టు గట్టు మీద నిలబడి పావుగంట పాఠం చెప్పాను. మీసం చూపించాను. గింజ ఎలా రాలుతుందో అరచేతిలో తట్టి చూపించాను. నేలలో ఎన్నాళ్లుంటుందో చెప్పాను. ఆయన చేతులు కట్టుకొని, మధ్యమధ్యలో "అట్నా సార్" అంటూ శ్రద్ధగా విన్నాడు.

"కాబట్టి ఇదంతా ఈ రోజే పీకించెయ్యి," అన్నాను.

"మడిలో ఉండేవి ఒక్కటి లేకుండా పీకేస్తా సార్. ఒక్కటి మిగిలితే నన్నడుగు. ఈ కాలవ పక్కది మాత్రం ఉండనీ."

"ఇక్కడి నుంచేగా అక్కడికి పోతున్నది?"

"మొన్న ఆదివారం మా పాస్టరయ్య చెప్పినాడు సార్. పంటనూ కలుపునూ కోతదాకా కలిసి పెరగనీయమని."

"బాగా చెప్పాడు. ఆయన ప్లాట్‌కు నేను ఇన్‌స్పెక్టర్‌ను కాదు."

సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవదానం కాసేపు కాలువలోకి చూసి అసలు సంగతి చెప్పాడు.

మంత్రాలయంలో పద్మాబాయి అని ఒక రిటైరయిన లెక్కల టీచరు ఉంది. దేవదానానికి ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పింది ఆవిడే. వినాయక చవితి మరునాడు ఋషి పంచమి వస్తుంది. ఆ వ్రతం పట్టినవాళ్లు ఆ రోజు ఎద్దు కష్టంతో పండినది తినరు. నాగలి తగలని నేలలో, ఎవరూ విత్తకుండా, తనంతట తాను మొలిచినదే తినాలి. వాళ్ల ఇళ్లలో అడవి వరిని నివ్వరి అంటారు. దాని బియ్యం ఒక గుప్పెడు ఉంటే ఆ రోజు గడిచిపోతుంది. చాలా ఏళ్ల కిందట దేవదానం తన కాలువ పక్కన అది ఉందని చెబితే, ఆవిడ సంతోషపడి, "ఏటా నాకు పట్టెడు తెచ్చిపెట్టరా" అందట. అప్పటి నుంచి గింజ రాలకముందే ఒడిసిపట్టి, దంచి, మూటగట్టి ఇంటికి తీసుకెళ్లి ఇస్తున్నాడు.

"మాటిచ్చినా సార్. పది తప్పినోడికి ఐదేండ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఊరికే చెప్పల్యా, ఓర్చుకొని చెప్పింది."

ఇది నాకు కొత్త. అభ్యంతరకరమైన కలుపు మీద అభ్యంతరం లేని మనిషిని చూడడం అదే మొదలు.

"అయితే ఆవిడకే చెబుదాం. ఈ ఒక్క ఏడూ వద్దంటుంది. చదువుకున్న మనిషి, అర్థం చేసుకుంటుంది."

దేవదానం ముఖంలో రంగు మారింది. "వద్దు సార్. ఆయమ్మ ఈడికి రాకూడదు."

"ఎందుకు?"

"ఎండ."

ఆ రోజు ఉదయం నుంచీ మబ్బు పట్టి తుంపర పడుతోంది. నేను గొడుగు కిందే రాసుకుంటున్నాను.

పది రోజులు గడిచాయి. రెండోసారి వెళ్లేసరికి గట్టు మీద శేషారెడ్డి కారు ఆగి ఉంది. కారులో నుంచి తెల్లజుట్టు, నేత చీర, కళ్లజోడుతో ఒకావిడ దిగుతోంది. సంగతి శేషారెడ్డికి ఎవరో చెప్పారు. ఎవరో అంటే నేనే. ఆయన నేరుగా మంత్రాలయం వెళ్లి, "మేడం, మీ గుప్పెడు బియ్యానికి మూడెకరాలు పోతాండాది, వచ్చి మీ శిష్యునికి ఒక మాట చెప్పండి" అని ఎక్కించుకొని వచ్చేశాడు. దేవదానం కారును చూసి, దారి ఏమైనా ఉందా అని అన్ని వైపులా చూశాడు. పారిపోవడానికి వరిలో గుండా తప్ప దారి లేదు. సీడ్ ప్లాట్ తొక్కకూడదు కనుక నిలబడిపోయాడు.

"ఏమిరా దేవదానం, నా వల్ల నీకు ఇంత చిక్కు వచ్చిందని ఒక్క ముక్క చెప్పలేదే?"

"చిక్కేం లేదు టీచరమ్మా. ఎండలో మీరెందుకు..."

"యాడుందిరా ఎండ? చూపించు నీ నివ్వరి."

"దూరం టీచరమ్మా. బురద."

"నేను స్కూలుకు నడిచిన బురద కంటేనా?"

ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకొని గట్టు మీద నడిచింది. వెనక దేవదానం, సలోమి, శేషారెడ్డి, నేను. తూర్పు అంచుకు వచ్చాక ఆగింది. అడవి వరిని అటు నుంచి ఇటు ఒకసారి చూసింది. కళ్లజోడు సర్దుకొని ఇటు నుంచి అటు ఇంకోసారి చూసింది.

"దేవదానం."

"టీచరమ్మా."

"ఇది వరసలో ఉందేమిరా?"

ఆవిడ వంగి, ఒక దుబ్బుకూ ఇంకో దుబ్బుకూ మధ్య జానపెట్టి కొలిచింది. తర్వాత దుబ్బు, మళ్లీ జాన. తర్వాత దుబ్బు, మళ్లీ జాన. నేను పద్దెనిమిదేళ్ల అనుభవంతో ఆ పొలం చుట్టూ తిరిగాను, మీసాలు లెక్కపెట్టాను, పావుగంట ఉపన్యాసమిచ్చాను. దుబ్బులన్నీ జానెడు జానెడు దూరంలో, తాడు పట్టి నాటినట్టు ఉన్నాయన్నది నా కంటికి ఆనలేదు. లెక్కల టీచరుకు ఒక చూపు పట్టింది.

"తనంతట తాను మొలిచే గడ్డికి ఇంత లెక్క ఎవరు నేర్పినారురా?"

"మీరే కదా టీచరమ్మా," అన్నాడు దేవదానం, నేల చూస్తూ.

శేషారెడ్డి దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు.

అప్పుడు బయటపడింది. మూడేళ్ల కిందట పిల్లకాలువకు సిమెంటు వేశారు. కాలువ ఒడ్డున తనకు తానే మొలిచే అడవి వరి ఆ సిమెంటు కింద పోయింది. మిగిలినవి నాలుగు దుబ్బులు. దేవదానానికి దిక్కు తోచలేదు. వాటిని వేళ్లతో పెళ్లగించి తెచ్చి, తన మడి అంచున చోటు చేసి పెట్టాడు. రాలిన గింజ మరుసటి ఏడు మొలిస్తే వాటినీ తీసి వరసకు చేర్చాడు. ఏడాదికేడాది వరస పెరిగింది. వరసలో పట్టని గింజలు మడిలోకి నడిచాయి. నాలుగు ఎర్రమీసాల కథ అది.

"నాటినావు అయితే."

"ఇత్తలేదు టీచరమ్మా. నాటినా, అంతే."

"నేల దున్నకుండానే నాటినావా?"

"దున్నకుంటే వేరు యాడ పడతాది?"

"ఎద్దు కష్టం ఉండకూడదని నీకు చెప్పినానా లేదా?"

దేవదానం మొదటిసారి తలెత్తాడు. ఈ ఒక్క ప్రశ్నకు ఆయన దగ్గర సిద్ధంగా జవాబుంది.

"ఎద్దు మట్టుకు దగ్గరికి రాల్యా టీచరమ్మా. మీ మాట తప్పలేదు. ట్రాక్టరుతో దున్నించినా."

సలోమికి ఇంక ఆగలేదు. "డీఏపీ కూడా ఏసినాడు టీచరమ్మా. మా సోనా కంటే ముందు దానికే. సోనా ఎర్రబడినా పట్టదు, దీనికి ఆకు కొస మాడితే అన్నం తినడు ఈ మనిషి."

పద్మాబాయి గట్టు మీద కూర్చుంది. శేషారెడ్డి నా వైపు చూశాడు, నేను నా ప్యాడ్ వైపు చూశాను. ఆవిడ వ్రతం మూడేళ్లుగా భంగమవుతోందన్నది మా అందరికీ ఒకేసారి అర్థమైంది. దేవదానానికి అది మూడేళ్లుగా తెలుసు. ఎండ అన్నది అందుకు.

"మూడేండ్లు," అంది ఆవిడ చివరికి. "మూడేండ్లు నీ సేద్యం తిని, ఏ కష్టమూ లేని తిండి తిన్నానని అనుకుంటి."

"తప్పయింది టీచరమ్మా. లేదని చెప్పేదానికి నోరు రాల్యా."

"పదో తరగతిలో కూడా ఇంతే. తెలీదని చెప్పడానికి నోరు రాదు, ఏదో ఒకటి రాసి పెడతావు." ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. నవ్వుతోందో మరేమిటో నాకు తెలియలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "మీ పుస్తకంలో ఎన్నింటి దాకా ఒప్పుకుంటారు సార్?"

"పదివేలకు రెండు."

"మీవాళ్లు దయగలవాళ్లు. మా వ్రతంలో ఒకటి కూడా లేదు." మళ్లీ దేవదానాన్ని చూసింది. "నాకు గుప్పెడు బియ్యం కావాలనుకుంటి, నువ్వు తెచ్చిస్తివి. ఇప్పుడు నీకేం కావాలరా?"

"ప్లాట్ పాస్ కావాల టీచరమ్మా. నాకొక్కనికే కాదు. ఇంకో ముగ్గురు చూస్తాండారు."

"నీ నోట పాస్ అనే మాట వినడానికి నేను రిటైరు కావలసి వచ్చింది," అంటూ ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లు దోపుకొని, మొదటి దుబ్బును రెండు చేతులా పట్టి పీకింది. అరవై ఐదు దాటిన మనిషి. దుబ్బు మొదట రాలేదు. డీఏపీ వేసిన వేరు మరి. దేవదానం ముందుకు వచ్చి పట్టాడు. ఇద్దరూ లాగితే ఊడి వచ్చింది. మిగిలింది పీకడానికి అందరం దిగాము. శేషారెడ్డి కూడా ప్యాంటు మడిచాడు. ఇన్‌స్పెక్టర్ పీకకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు, ఆ ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. వెన్నుల్లో గింజ ఇంకా పాల మీదే ఉంది కనుక రాలే భయం లేదు. అన్నీ గోతాల్లో కుక్కి సలోమి బర్రెలకు మోసుకుపోయింది.

తర్వాత నా పని. ఈ లెక్కలో ఒక చిన్న రహస్యం చెప్పాలి. ఐదు చోట్లు ఎక్కడన్నది ఇన్‌స్పెక్టర్ ఇష్టం. మడి నడుమ ఐదు చోట్లు ఎంచుకుంటే దేవదానం ఆ రోజే పాస్. పది రోజులుగా ఆయనా సలోమీ ఒక్కో దుబ్బూ విప్పి చూసి ఏరారు, మడి నడుమ ఏమీ ఉండదని నాకు తెలుసు. శేషారెడ్డికి కూడా ఆ రహస్యం తెలుసు. నేను ఎటు నడుస్తానా అని చూస్తున్నాడు. మొదటి నాలుగు చోట్లు మామూలుగా చూశాను. నాలుగువేలు, సున్నా. ఐదో చోటు ఇప్పుడే పీకిన వరస పక్కన ఎంచుకున్నాను. ఏదైనా మిగిలి ఉంటే అక్కడే ఉంటుంది.

"ఆడెందుకు సార్?" అన్నాడు దేవదానం మెల్లగా.

"నువ్వు ఊరుకోరా, ఆయన లెక్క ఆయన చేయనీ," అంది పద్మాబాయి.

నూరు. రెండు నూర్లు. నాలుగు నూర్లు. ఎవరూ నీళ్లు తాగుతారా అని అడగలేదు. ఆరు వందల ముప్పై దాటాక, రెండు సోనా దుబ్బుల మధ్య, ఎర్రమీసం ఒకటి. నేను నిలబడిపోవడం చూసి దేవదానానికి అర్థమైంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో లెక్కో చెప్పలేను. ఇంకా మూడు వందల అరవై చిల్లర కంకులు మిగిలాయి. నా ఉద్యోగంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఒక చోట ఎర్రగా కనబడితే ఆగాను. తెగులు వచ్చిన సోనా ఆకు. ఇంకో చోట మీసంలా కనబడింది. సాలెపురుగు దారం. వెయ్యి అయ్యేసరికి నా చొక్కా తడిసి ఉంది. ఆ రోజు కూడా ఎండ లేదు.

"ఒకటి," అన్నాను.

దేవదానం పద్మాబాయి వైపు చూశాడు, ఎంతకు పాసో ఆవిడ చెబితేనే నమ్మేట్టు.

"పాసయినావులే," అంది ఆవిడ. "బోర్డర్‌లో."

శేషారెడ్డి ఆ ముగ్గురి పేర్లు అక్కడే గట్టు మీద రాసుకున్నాడు. రాసుకుంటూ నాతో, "శ్రద్ధ ఉండదని నేను అనలేదు సార్, మా ముందోళ్లు అనేవాళ్లు" అన్నాడు. నేను విన్నట్టు తల ఊపాను.

ఇలాంటి రిపోర్టులో కలుపు ఎలా వచ్చిందో రాయడానికి ఒక గడి ఉంటుంది. మామూలుగా అక్కడ "రైతుకు అవగాహన లోపం" అని రాస్తాం. రాయడం తేలిక, చదివేవాళ్లు మళ్లీ ఏమీ అడగరు. ఆ రోజు ఆ మాట రాయబోయి ఆగాను. అడవి వరిని నారు తీసి, వరస నాటి, ఎరువు వేసి, రాలకముందు ఒడిసిపట్టి మూడేళ్లు సాగు చేసిన మనిషి మా జిల్లాలో ఇంకొకరు ఉండరు. అవగాహన విషయంలో ఆ పొలంలో వెనకబడింది ఎవరో నాకు తెలుసు. గడిలో "కాలువ గట్టు నుంచి వ్యాపించినది, తొలగించడమైనది" అని రాశాను. అబద్ధం కాదు.

ఆ కేసు తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. అంతకుముందు నిర్లక్ష్యంగా ఉన్న మూలల్లో కలుపు వెతికేవాడిని. ఇప్పుడు బాగా చూసుకున్న మూలలు కూడా చూస్తాను. పట్టించుకోని కలుపు ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, దాన్ని పీకమంటే రైతు పీకేస్తాడు. పీకనంటే మాత్రం గడువు కాగితం రాసేముందు, అది ఎవరి కోసం పెరుగుతోందో అడుగుతాను. ఫారంలో ఆ ప్రశ్న లేదు. అడిగినందుకు ఇప్పటిదాకా నష్టపోయిందీ లేదు. జవాబు విన్నా నా లెక్క మారదు. అవతలి మనిషితో మాట్లాడే తీరు మారుతుంది.

మరుసటి ఏడు ఋషి పంచమి నాడు పద్మాబాయి గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఏం తిన్నదోనని పది నెలలుగా మనసులో ఒక మూల ఉంది.

"నివ్వరే తిన్నాను సార్. ఒక కుంటలో దొరికింది. నేనే వెళ్లి దూసుకొచ్చుకున్నా. ఎవరి చేయీ పడలేదు, నాలుగు దిక్కులా చూసి మరీ నిశ్చయం చేసుకున్నా. వంకరటింకరగా ఉంది, చూస్తే ప్రాణం లేచి వచ్చింది."

"ఏ కుంట టీచరమ్మా?"

"చెప్పను. మీకు తెలిస్తే పీకిస్తారు. వాడికి తెలిస్తే ఎరువేస్తాడు."

రెండూ నిజమే కాబట్టి మళ్లీ అడగలేదు.